గట్టు వెంట కోనసీమ

మా పెద్ద బావగారు హైదరాబాదులో ముప్ఫయ్యేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి, రిటైరయిన నెలలోనే సైకిలు కొన్నారు. డాక్టరుగారు రోజూ నడవమన్నారట. నడుస్తూంటే వీధికుక్కలు తనను దొంగను చూసినట్లు చూస్తున్నవనీ, సైకిలైతే వాటికి ఆలోచించుకునే వ్యవధి ఉండదనీ మా అక్కయ్యకు నచ్చజెప్పారు. తీరా కొన్నాక ఆ ఊరి రోడ్లు ఆయనకు నచ్చలేదు. ముందు ఎత్తు, వెనక బస్సు. మొన్న మార్గశిరంలో ఒకనాటి రాత్రి నాకు టెలిఫోను చేసి, "ఏమోయ్ మాష్టారూ! మన కోనసీమలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. వారం రోజులు సైకిళ్ళమీద తిరుగుదాం. పనిలో పనిగా పొలం బేరం కూడా తేల్చుకుందాం" అన్నారు.

పొలం సంగతి పాఠకులకు ముందే చెప్పడం మంచిది. అమలాపురానికి దిగువన, సముద్రం వైపు, ఆయనకు పిత్రార్జితం రెండెకరాలున్నది. కౌలు రైతు మూడేళ్ళుగా సార్వా పంట మునిగిందనే చెబుతున్నాడు. కౌలు సగమే ఇస్తున్నాడు. బావగారు రెండుసార్లు కారులో వెళ్ళి, రోడ్డుమీదనుంచే చూసి వచ్చారు. "కనుచూపు మేర పచ్చగా కళకళలాడుతూంటే మునిగిందంటాడేమిటోయ్!" అని ఆయన బాధ. అబద్ధాలాడే మనిషితో వేగలేక అమ్మేద్దామని నిశ్చయించుకున్నారు.

నేను సరే అన్నాను. పుట్టిందీ పెరిగిందీ కోనసీమలోనే అయినా, కళాశాలకు మోటారు సైకిలుమీద పోయివచ్చే మనిషిని. గట్టుమీద సైకిలు తొక్కి పాతికేళ్ళు దాటింది. గంటకింతని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలును, నడిమి కమ్మీ కిందనుంచి కాలు దూర్చి తొక్కి, రెండుసార్లు కాలవలో పడి నేర్చుకున్న విద్య అది. ఆ అద్దె దుకాణాలు ఇప్పుడు కనబడటం అరుదు. కనుక చూడవచ్చేవారు ఎవరి సైకిలు వారు తెచ్చుకోవడమే మేలు. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. రాజమహేంద్రవరంలో దిగి అక్కడనుంచి తొక్కుకుంటూ రావచ్చును. గేర్లున్న ఖరీదైన బండి అక్కర్లేదు. బెల్లూ బ్రేకులూ సరిగా ఉంటే చాలు. రెంటిలోనూ బెల్లు ముఖ్యం. ఎందుకో ముందు చెబుతాను.

కోనసీమ అంటే దీవి. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలి, తూర్పు పాయ గౌతమి అనీ, పడమటి పాయ వసిష్ఠ అనీ పేర్లు పెట్టుకుని సముద్రానికి పోతున్నది. ఆ రెంటికీ సముద్రానికీ నడుమనున్న ముక్కోణపు నేలే కోనసీమ. వసిష్ఠలోనుంచి వైనతేయ మళ్ళీ చీలి, ఆ దీవిని కూడా రెండు చేసింది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం ముఖ్యపట్టణంగా వేరే జిల్లా ఏర్పడింది. ఇప్పుడు వంతెనలున్నవిగాని, అవి రాకముందు పెళ్ళివారైనా డాక్టరైనా రేవు దాటి రావలసినవారే.

ఈ నేల సముద్రం వైపు మైలుకు సుమారు అడుగు చొప్పున వాలి ఉన్నది. ఆ వాలు కాలికి తెలియదు, నీటికి తెలుసు. దాన్ని పట్టుకునే ఆర్థరు కాటను దొర ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టించి, కాలవలు తవ్వించాడు. 1847లో మొదలయిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు ముందు ఈ జిల్లాలు వరదకు మునిగేవి, లేకపోతే కరువుకు ఎండేవి. పక్కనే గోదావరి పారుతూ ఉండగా జనం ఆకలికి చచ్చారు. కాబట్టి, పాఠకులారా, కోనసీమ అందమంతా ప్రకృతి ప్రసాదమని మీరనుకోకండి. సగం ప్రసాదం, సగం మట్టిపని. ఆ మట్టిపని చేసిన గట్లే మన సైకిలు దారులు.

మొదటిరోజు ప్రయాణం ధవళేశ్వరం దగ్గరనే మొదలుపెట్టాలి. కాటను మ్యూజియం చూసుకుని, బారేజిమీదుగా పిచ్చుకలంక, అక్కడనుంచి బొబ్బర్లంక చేరితే, మధ్య డెల్టాకు నీరిచ్చే పెద్ద కాలవ తల అక్కడ కనబడుతుంది. ఇక దారి అడిగే పని లేదు. నీళ్ళు ఎటు పోతూంటే అటు పోవడమే. కాలవ ఒక పక్క, అరటితోటలూ కొబ్బరితోటలూ ఒక పక్క. చెట్ల నీడ రోడ్డుమీద పడి ఎండ ముక్కలు ముక్కలుగా తగులుతూంటుంది. రావులపాలెం దాకా ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుందిగాని, మాకు పూట పట్టింది. అందుకు కారణం ఆత్రేయపురం.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం అందరికీ తెలిసిన పనే. చెయ్యడం చూడటం వేరు. కట్టెలపొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. బియ్యపు పిండి నీళ్ళలో గుడ్డ ముంచి ఆ ఇల్లాలు కుండ వీపున ఇలా పరిచి అలా తీసేస్తుంది. కళ్ళు మూసి తెరిచేలోగా కాగితంకంటె పలచని రేకు లేచివస్తుంది. 2023లో ఈ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బావగారు ఒకటి తిని, డాక్టరుగారిని తలచుకుని, రెండోది కూడా తిన్నారు. ర్యాలి ఇక్కడికి దగ్గర. ఒకే శిల ముందువైపు కేశవస్వామిగా, వెనకవైపు మోహినిగా ఉన్న విగ్రహాన్ని అర్చకులు దీపం పట్టి చూపుతారు.

తరువాత వచ్చేవి లొల్ల లాకులు. సినిమాలలో చూసి ఉంటారు. పెద్ద కాలవ ఇక్కడ చీలి, ఒక్కొక్క పాయ ఒక్కొక్క దిక్కుకు పోతుంది. కారులో వచ్చినవారు దిగి, ఫొటో తీయించుకుని, ఎక్కుతారు. మేము తలుపుల పక్కన కూర్చుని ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాము. పడవలు నడిచిన కాలంలో ఈ లాకులలో నీరు నింపి, తగ్గించి, ధాన్యం పడవలను ఎగువనుంచి దిగువకూ దిగువనుంచి ఎగువకూ దాటించేవారు. ఆ కాలం పోయింది. కాని లాకుల మీద నిలబడి చూస్తే ఒక విషయం బోధపడుతుంది: ఇక్కడ ఒక జానెడు తలుపెత్తడం, దించడం మీద ఎక్కడో ముప్ఫయి మైళ్ళ దిగువన ఒకరి నారుమడి ఆధారపడి ఉన్నది.

రెండోరోజు రావులపాలెంనుంచి కొత్తపేట, పలివెల మీదుగా అంబాజీపేట. పలివెలలో కొప్పేశ్వరుని గుడి ఉన్నది. అంబాజీపేట కొబ్బరికి పెట్టింది పేరు. కొట్లముందు కాయలు గుట్టలు పోసి, ఒలిచేవాళ్ళు ఒలుస్తూ, లెక్కపెట్టేవాళ్ళు పాటలాగా లెక్కపెడుతూ ఉంటారు. ఆ చెట్లను చూసి బావగారు "తాతలనాటివి" అన్నారు. చాలామటుకు కావు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరి కూకటివేళ్ళతో కూలింది. మనుషులు వందలకొద్దీ పోయారు. ఇప్పుడు దారిపొడుగునా నిటారుగా వరసలు తీరి ఉన్న తోటలు అనేకం ఆ తరువాత నాటినవే. ఒక పక్కకు ఒరిగిపోయి, మెడ మళ్ళీ పైకెత్తిన ముసలి చెట్టు కనబడితే మటుకు దానికి ఒక నమస్కారం పెట్టవచ్చును.

కనుమనాడు వస్తే దగ్గరలోనే మొసలపల్లి జగ్గన్నతోట తీర్థం చూడాలి. చుట్టుపట్ల ఊళ్ళనుంచి పదకొండు రుద్రుల ప్రభలు భుజాలమీద వస్తవి. గంగలకుర్రువారి ప్రభలు కౌశిక దాటి వచ్చేటప్పుడు మోసేవారు నీళ్ళలోకి దిగుతారు, పచ్చటి చేలలోనుంచి నడుస్తారు. చేను తొక్కారని రైతు కోప్పడడు. దేవుడు తన చేలోనుంచి పోయాడని సంతోషిస్తాడు. ఆనాడు సైకిలు ఎక్కడో తోటలో పెట్టి, నడవవలసిందే.

అంబాజీపేటనుంచి పి. గన్నవరం పోతే ఏటిమీద కాలవ కనబడుతుంది. నేను పొరపాటుగా రాయలేదు. కింద వైనతేయ, పైన కాలవ. వైనతేయకు అవతల ఉన్న దీవికి నీరెలా అని ఆలోచించి, 1850ల మొదట్లో హేగ్ అనే ఇంజనీరు నలభై తొమ్మిది కమానులమీద కాలవను ఏరు దాటించాడు. దాని వయసు చాలించాక పక్కన కొత్తది కట్టి, 2000లో నీరు వదిలారు. కొత్తదానికి ఒక ఇంజనీరు పేరో, మంత్రి పేరో పెట్టలేదు. డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో, ఏరు దాటి వచ్చిన బాటసారి ఎవరైనా, ఏ వేళకు వచ్చినా, కులమేమిటని అడగకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. 1909లో పరమపదించారు. అన్నం పెట్టిన చేతి పేరు నీళ్ళకు పెట్టడం నాకు ఎంతో నచ్చింది.

మూడోనాడు పడమరకు, అంతర్వేదికి. బోడసకుర్రు వంతెనమీద వైనతేయ దాటి, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. కొంతదూరం జాతీయ రహదారి తప్పదు. అక్కడ లారీలు మనను మనిషిగా లెక్కపెట్టవు. ఎడమ అంచు వదలకుండా, మాట్లాడకుండా, ఒకరి వెనక ఒకరు పోవాలి. వీలైనచోటల్లా ఊళ్ళలోకి దిగి లోపలి దారులు పట్టడం మంచిది. పాశర్లపూడి దగ్గర నేను సైకిలు ఆపాను. 1995 జనవరి 8న ఇక్కడ గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. రాత్రిపూట మా డాబామీదనుంచి చూస్తే ఆకాశం ఆ పక్కన ఎర్రగా ఉండేది. చీకటే లేకుండా పోయిందని మా అమ్మమ్మ బెంగపడేది. ఇంత పచ్చని నేల అడుగున నిప్పు కూడా ఉన్నదన్నమాట.

సముద్రం వైపు పోయేవారికి ఒక కిటుకు చెబుతాను. తెల్లవారుజామున గాలి నేలమీదనుంచి సముద్రానికి వీస్తుంది. మధ్యాహ్నం సముద్రంమీదనుంచి నేలమీదికి వీస్తుంది. కాబట్టి పొద్దున్నే బయలుదేరి సముద్రం దాకా పోయి, మూడు గంటల వేళ తిరుగుముఖం పడితే రెండుసార్లూ గాలి మన వెనకనే ఉంటుంది. మేము ఇది మరచి, రాజోలులో కాఫీ హోటలు దగ్గర ఆలస్యం చేసి, మధ్యాహ్నపు గాలికి ఎదురు తొక్కాము. బావగారు అంతర్వేది చేరేసరికి నరసింహస్వామికంటె ఉగ్రంగా ఉన్నారు.

అంతర్వేదిలో గుడి, దీపస్తంభం, వసిష్ఠ సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ళ గట్టు చూడవలసినవి. మాఘమాసంలో స్వామి కళ్యాణానికి జనం వేలకు వేలు వస్తారు. 2020 సెప్టెంబరులో ఇక్కడి పాత రథం కాలిపోయింది. కొత్త రథం చేయించారు. సంగమం దగ్గర సాయంకాలం నిలబడితే నదేదో సముద్రమేదో చెప్పలేము. ఆ రాత్రి అక్కడనే ఉండి, మర్నాడు నెమ్మదిగా వెనక్కి వచ్చాము.

ఇక ఇంటిల్లిపాదితో రాదలచినవారికి నాలుగు మాటలు. మార్గశిరం మొదలు మాఘం దాకా మంచి రోజులు. ఆశ్వయుజ కార్తికాలలో తుపాను భయం ఉన్నది. వేసవిలో కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలవ పక్కన తొక్కడం ఖాళీ కుర్చీల ముందు ఉపన్యాసం చెప్పడం వంటిది. వానపడితే గట్టెక్కకండి, బంకమన్ను చక్రానికీ మడ్డుగార్డుకూ నడుమ చేరి బండిని కట్టేస్తుంది. గౌతమి అవతల కోటిపల్లినుంచి వచ్చేవారు ముక్తేశ్వరం రేవుకు పంటుమీద దాటవచ్చును. సైకిలుకూ చోటు దొరుకుతుంది. వరదరోజులలో మటుకు ముందు కనుక్కుని బయలుదేరాలి.

అన్నిటికంటె ముఖ్యం ఇంకొకటి. గట్టు మనకు దారిగాని, అక్కడివారికి వాకిలి. ఆడవాళ్ళు రేవులో బట్టలు ఉతుకుతూంటారు, పిల్లలు ఈత కొడుతూంటారు, ముసలివారు చుట్ట కాలుస్తూంటారు. దూరంనుంచే బెల్లు కొట్టి, నెమ్మదిగా దాటిపోవాలి. అడగకుండా ఫొటోలు తియ్యకూడదు. రోడ్డుమీద ధాన్యం ఆరబోసి ఉంటే దిగి నడిపించుకుపోవాలి. అది ఎవరిదో ఆర్నెల్ల కష్టం.

అయిదోరోజు పొలానికి వెళ్ళాము. అమలాపురంనుంచి దిగువకు, రెండు గంటల తొక్కుడు. ఎగువ పొలాలన్నీ కోతలు అయిపోయి, కుప్పలు వేసి, కొన్నిచోట్ల దాళ్వాకు దున్నుతున్నారు. దిగువకు పోతున్నకొద్దీ కొబ్బరి పలచబడింది. రొయ్యల చెరువులు వచ్చినవి. గాలిలో ఉప్పు తగిలింది. రోడ్డు దిగి పుంతదారి పట్టాము. ఎదురుగా మైదానంలాగా విశాలంగా, ముదురాకుపచ్చగా కనబడింది.

"చూశావా? ఇదే నేను చూసింది. మునిగినచేను ఇలాగే ఉంటుందేమోయ్?" అన్నారు బావగారు.

అక్కడ గేదెను తోలుకుపోతున్న కుర్రవాడు నిలబడి, "ఆయ్, అది చేను కాదండి. మురుగు కాలవండి. గుర్రపుడెక్కండి బాబూ అదంతా" అన్నాడు.

బావగారు సైకిలు దిగారు. ఇంకొంచెం దగ్గరకు పోయి చూశారు. నిజమే, ఆకుల కింద నల్లటి నీరు నిలిచి ఉన్నది. మంచి నీరు తెచ్చే కాలవ మిట్టమీద ఉంటుంది; చేను తాగగా మిగిలిన నీటినీ వాననీటినీ సముద్రానికి చేర్చే మురుగు కాలవ పల్లంలో ఉంటుంది. మొదటిది నోరయితే రెండోది మూత్రద్వారం. అది పూడిపోతే నేల ఉబ్బుతుంది. 2011లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలలో సార్వా వెయ్యకుండా నేలను బీడుపెట్టారు. గిట్టుబాటు లేకపోవడం ఒక కారణం, ఈ ముంపు ఒక కారణం. ఇవన్నీ పత్రికలలో చదివినవే. కాని కారు అద్దంలోనుంచి చూస్తే గుర్రపుడెక్క, వరిచేను ఒకే రంగులో ఉంటవి.

మురుగుకు అవతల బావగారి రెండెకరాలున్నవి. పుష్యమాసం రాబోతున్నా చేలో ఇంకా పాదం మునిగే నీరున్నది. కోత కొయ్యని వరి పడిపోయి, కుళ్ళి, అక్కడక్కడ మొలకెత్తింది. కౌలు రైతు ఎవరో చెప్పగా పరుగున వచ్చాడు. తువ్వాలుతో గట్టు తుడిచి కూర్చోమన్నాడు. బావగారు కూర్చోలేదు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"కార్తీకంలో వాననుంచండి. మూడేళ్ళనుంచీ ఇదే వరసండి. తమరికి చెప్పానండి."

"చెప్పావు" అన్నారు బావగారు. కొంచెంసేపు ఊరుకుని, "నేనే చూడలేదు" అన్నారు.

కౌలు రైతు ఏమీ అనలేదు. కొబ్బరిబోండాలు దింపించాడు. మేము తాగుతూండగా, నెమ్మదిగా, "అమ్మేత్తారని ఇన్నానండి. తమరి పొలం, తమరిష్టం. చెరువు తవ్వేవాళ్ళకు మటుకు ఇవ్వకండి బాబుగారూ. ఉప్పునీరు చుట్టూ చేలలోకి దిగుద్దండి. నాకు పోతే పోయింది, పక్కోళ్ళు కూడా మునిగిపోతారండి" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో యాచన లేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్లు చెప్పాడు.

తిరుగుదారిలో సముద్రపుగాలి వెనకనుంచి తోస్తూంటే మేము పెద్దగా తొక్కకుండానే వచ్చేశాము. బావగారు పది కిలోమీటర్లు నోరు విప్పలేదు. అమలాపురం పొలిమేరలో టీ తాగుతూ, "మురుగు తవ్వించాలని ఆ ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే నా సంతకం కూడా ఉంటే మంచిదంటావా?" అని అడిగారు. ఉంటే మంచిదన్నాను. ఆ యేటి కౌలు తనకు వద్దని ఆ రాత్రే కబురు పంపారు. పొలం అమ్మకం సంగతి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

రైలెక్కేటప్పుడు సైకిలు మా ఇంట్లోనే వదిలి వెళ్ళారు. హైదరాబాదులో తొక్కడానికి ఎలాగూ రోడ్డు లేదట. కొత్త సంవత్సరం జూన్‌లో కాలవలకు నీరు వదిలాక, నాట్లనాటికి వస్తారట. సైకిలు మా వసారాలో గోడకు ఆనించి ఉన్నది. పదిహేను రోజులకొకసారి గాలి కొట్టించమని చెప్పి వెళ్ళారు, కొట్టిస్తున్నాను.